బావ్ దొరగారి వూళ్ళో బొమ్మతెరల పంట

మీ అభిమాన హీరో ఫైటింగు చూసేది సెల్‌ఫోనులోనా, టి.వి.లోనా? ఎందులోనైతేనేం, అలాంటి తెరల పుట్టిళ్ళలో ఒకదాన్ని చూసొచ్చాను. పేరు హెఫెయ్. చైనాలో అన్‌హుయ్ రాష్ట్రానికి రాజధాని.

హైదరాబాదులో టి.వి. తెరల వ్యాపారం చేసే మిత్రుడొకడు బేరానికి వెళ్తూ, "నువ్వూ రారాదూ, ఏదో ఒకటి రాసుకుందువుగాని" అన్నాడు. షాంఘైలో దిగి పడమటికి రైలెక్కాం. కిటికీలోంచి వరిమళ్ళు, చెరువులు... అచ్చం మన గోదావరి జిల్లానే అనుకుంటూ కునుకు తీశాను. లేచేసరికి ఆకాశానికి నిచ్చెనలేసినట్టు మేడలు! 2020 లెక్కల్లోనే ఈ వూరి జనాభా 93 లక్షల పైమాట.

నిజానికిది బీదవూరు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో, 1970లో, బీజింగులోని సైన్సు యూనివర్సిటీని మూటాముల్లెతో ఇక్కడికి పంపేశారు. ఆ వచ్చిన చుట్టమే వూరి దశ తిప్పింది. అక్కడి విద్యార్థులు 1999లో పెట్టిన ఐఫ్లైటెక్ కంపెనీ, మనిషి మాటని ఇంకో భాషలోకి మార్చే యంత్రాలు చేస్తుంది. మా బేరమంతా అలాంటి యంత్రంతోనే! మా వాడు "మరీ ఇంత రేటా!" అని ఇంగ్లీషులో మూలిగితే, ఆ మూలుగునీ మర్యాదగా చైనీసులో చెప్పేసింది. ఇక్కడే ఓ పరిశోధనశాలలో, 2025 జనవరిలో, పది కోట్ల డిగ్రీల పైబడిన వేడిని 1,066 సెకన్లపాటు నిలబెట్టారు. నక్షత్రం గుండెల్లో జరిగే తతంగం నేలమీద జరిపించాలని వాళ్ళ తపన. లోపలికి మమ్మల్నెవరు రానిస్తారు లెండి!

మేము చూడగలిగింది బావ్ దొరగారి గుడి. వెయ్యేళ్ళ క్రితం ఇక్కడ పుట్టిన న్యాయాధికారి బావ్ జెంగ్. నల్లటి ముఖం, నుదుట నెలవంక... ఆ గెటప్పు చూస్తే మన పౌరాణికాల మేకప్‌మాన్ కూడా దణ్ణం పెట్టాల్సిందే! 1993లో తైవాన్ వాళ్ళు తీసిన టి.వి. సీరియల్ ఆయన్ని ఇంటింటి హీరోని చేసింది. గుడిలో మూడు తలలు నరికే కత్తులు పెట్టారు. కుక్క తలది మామూలు జనానికి, పులి తలది అధికార్లకి, డ్రాగన్ తలది రాజబంధువులకి!

మాకు వూరు చూపిస్తున్న ఇంజనీరు అమ్మాయిని అడిగాను: "వూరి డబ్బుతో పందెం కాసిన అధికార్లకి ఏ కత్తి?"

పందెమంటే పందెమే. 2008లో ఇక్కడి పాలకులు బి.ఓ.ఇ. అనే తెరల కంపెనీకి ఖజానా తలుపు తెరిచారు. అందుకోసం మెట్రో రైలునే వెనక్కి నెట్టారని చెబుతారు. మొదటి మెట్రో నడిచింది 2016 చివర్లో! తెరల పందెం పండింది. ప్లాస్మా టి.వి.ల మీద పెట్టింది మునిగింది. 2020లో, మునిగిపోతున్న నియో కార్ల కంపెనీకి 700 కోట్ల యువాన్లు సర్దుబాటు చేశారు. అదీ గట్టెక్కింది. గుండె ధైర్యమే గాని, ఓడితే ఎవరి సొమ్మండీ అది?

అమ్మాయి నవ్వేసింది. "పులి కత్తి రెడీగానే వుంది. ఇంతవరకు అక్కర్లేకపోయింది."

2017లో 'దంగల్' చూసి వెక్కివెక్కి ఏడ్చిందట. 'బాహుబలి' పేరే వినలేదట! (నాకు కాస్త చిన్నతనంగానే అనిపించింది.) 'దంగల్'లో ఏ సీనుకి ఏడ్చావమ్మా అంటే, కుస్తీ సీనుకి కాదుట. నాన్న పక్కనే వున్నందుకట. అన్‌హుయ్ పల్లెల జనం కూలికోసం షాంఘై పోవడం పాత కథ. ఈమె అమ్మానాన్నలూ అంతే. అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లకి వాళ్ళు కనిపించేది ఏటా ఒక్క పండక్కే.

ఇప్పుడు ఆమెకి సొంతగడ్డ మీదే తెరల ఫ్యాక్టరీలో వుద్యోగం. నాన్న పల్లెకి తిరిగొచ్చేశాడు. ఆమె ఇరవై రెండో అంతస్తులో ఫ్లాటు కూడా కొంది. మరి అమ్మో?

"షాంఘైలోనే. ఒకరింట్లో వంట చేస్తోంది. ఫ్లాటు వాయిదాలు తీరాలిగా!"

మా వాడు మళ్ళీ రేట్ల సంగతి ఎత్తాడు. అమ్మాయి ఫోను తీసి నాకో ఫోటో చూపించింది. కొత్త ఫ్లాటులో చిన్న గది. మంచం, ఎర్ర దుప్పటి, గోడకి పెద్ద టి.వి. దాని మీద అంటించిన ప్లాస్టిక్ కాగితం ఇంకా తియ్యలేదు.