మంచు చిరుతకు ఊరే కాపలా

14 వేల అడుగుల ఎత్తులో ఓ చిన్న ఊరు. ఆ ఊరికో దొంగ. రాత్రిపూట వస్తాడు. దొడ్లో దూరతాడు. గొర్రెల్నీ మేకల్నీ చంపి పోతాడు. ఒకప్పుడు ఆ పేరెత్తితే శాపనార్థాలు పెట్టిన ఊరే ఇప్పుడు ఆ దొంగను కాపాడుతోంది. ఏడాది పొడవునా జాడ కనిపెడుతూ లెక్క కూడా రాస్తోంది. దొంగ పేరు మంచు చిరుత. ఊరి పేరు కిబ్బర్.

హిమాచల్‌ప్రదేశ్‌లోని స్పితి లోయలో ఉంది కిబ్బర్. మనాలి నుంచి కుంజుమ్ కనుమ మీదుగా ఓ దారి ఉందిగానీ చలికాలమంతా మంచుతో మూసుకుపోతుంది. అప్పుడిక సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా చుట్టు తిరిగి రావాల్సిందే. లోయకంతటికీ పెద్ద ఊరు కాజా. అక్కణ్నుంచి కొండమీది కీ బౌద్ధారామాన్ని చూసుకుంటూ సుమారు 20 కిలోమీటర్లు పైకెక్కితే కిబ్బర్ వస్తుంది. రాతి గోడలూ చదునైన కప్పులతో తెల్లటి ఇళ్లు. చుట్టూ చెట్టన్నది దాదాపు కనిపించదు. ఏడాదికి ఒక్కటే పంట... బార్లీ, పచ్చి బఠాణీ. ఆ తర్వాత పశువులే ఆధారం. అందుకే ఇక్కడ ప్రతి ఇంటికీ జడలబర్రెలో, గొర్రెలో, మేకలో, గాడిదలో ఉంటాయి.

ఊరి పక్కనే కళ్లు తిరిగేంత లోతున ఓ ఇరుకు లోయ. అవతలి గట్టున చిచం అనే మరో ఊరు. 2017లో వంతెన వచ్చేదాకా తాడుకు వేలాడే తొట్టిలో కూర్చుని అటూ ఇటూ దాటేవారు. ఆ లోయ అంచులే మంచు చిరుత నడిచే దారులు.

రాయిలో రాయి

బూడిదరంగు ఒళ్లు, దానిమీద నల్లటి వలయాల్లాంటి మచ్చలు. బండమీద పడుకుంటే బండలో కలిసిపోతుంది. దాదాపు మీటరు పొడవుండే దట్టమైన తోక నిట్టనిలువు కొండల మీద తూకం తప్పకుండా కాపాడుతుంది. నిద్రపోయేటప్పుడు ముఖానికి కప్పుకొనే దుప్పటీ అదే! పులిలా, సింహంలా గర్జించడం మాత్రం దీనికి రాదు. ఇది ఎంత రహస్య జీవి అంటే... పాకిస్థాన్‌లోని చిత్రాల్ కొండల్లో అమెరికన్ శాస్త్రవేత్త జార్జ్ షాలర్ అడవిలోని మంచు చిరుతను ఫొటో తీసింది 1970లో. అప్పటిదాకా దాని సహజ జీవితం బయటి ప్రపంచానికి దాదాపు తెలియదు.

స్పితి వాసులకు మాత్రం అది బాగా తెలుసు. తెలిసిందల్లా దొడ్లో చేసే నష్టం ద్వారానే.

దొడ్లో దొంగ

1990ల్లో చారుదత్త్ మిశ్రా అనే యువ పరిశోధకుడు కిబ్బర్ పరిసరాలకు వచ్చారు. ఇంటింటికీ తిరిగి పశువుల లెక్క తీశారు. ఏడాదిన్నర కాలంలో ఊళ్లవాళ్ల పశువుల్లో 18 శాతం క్రూరమృగాల పాలైనట్టు తేలింది. నాలుగు మేకలున్న ఇంట్లో ఒకటి పోతే ఆ కుటుంబానికి మిగిలేదేంటి? చిరుత దొడ్లో దూకిందంటే ఒక్కదానితో ఆగదు. పారిపోయే దారిలేక పశువులు బెదిరి పరుగెడుతుంటే ఒకదాని తర్వాత ఒకటి చంపేస్తుంది. సర్కారు పరిహారమంటారా... అది వచ్చేసరికి ఆలస్యం, వచ్చినా నష్టంలో కొంతే. కడుపు మండినవాళ్లు చిరుతను చంపాలనుకోవడంలో వింతేముంది?

ఇంతకీ చిరుత దొడ్డిదాకా ఎందుకొస్తోంది? దాని అసలు తిండి భరల్ అనే కొండ గొర్రెలు, ఐబెక్స్ అనే కొండమేకలు. పశువుల మందలు పెరిగి ఉన్న కాస్త గడ్డినీ అవే మేసేస్తే భరల్‌కు మిగిలేది బండలే. కొండమీద వేట తగ్గేకొద్దీ చిరుత చూపు ఊరివైపు మళ్లుతుంది.

మరి మనుషుల్ని పంపేసి కొండంతా అభయారణ్యం చేస్తే సరిపోదా? సరిపోదు. మంగోలియాలో చిరుతల మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి చూస్తే ఒక మగ చిరుతకు 200 చదరపు కిలోమీటర్ల పైచిలుకు జాగా కావాలని తేలింది. ఇవి తిరిగే దేశాల్లోని రక్షిత ప్రాంతాల్లో 40 శాతం ఒక్క మగ చిరుతకైనా చాలవని 2016లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అంటే కాపరి ఒప్పుకుంటేనే చిరుత బతుకుతుంది.

ఊరంతా కలిసి...

ఆ ఒప్పుకోలు కిబ్బర్‌లో 1998లో మొదలైంది. మైసూరుకు చెందిన నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్‌తో మాట్లాడుకుని ఊరివాళ్లు సుమారు 5 చదరపు కిలోమీటర్ల మేతభూమిని పశువులు తొక్కకుండా వదిలేశారు. మేత నష్టానికి బదులుగా ఊరికి డబ్బు ముడుతుంది. కాపలాకు ఊరి కుర్రాళ్లనే పెట్టుకున్నారు. గడ్డి తేరుకుంది, భరల్ మందలు పెరిగాయి.

2002లో పశువులకు బీమా పథకం వచ్చింది. పశువుల యజమానులు తలా కొంత ప్రీమియం కడతారు. చిరుతో తోడేలో చంపితే నిజమా కాదా అని తేల్చేది ఊరి కమిటీయే. పొరుగువాణ్ని మోసం చేసి సొమ్ము తీసుకోవడం అంత తేలిక కాదు కదా! దొడ్లకేమో పైకప్పు మీద ఇనుప వలలు, గట్టి తలుపులు వచ్చాయి. ఇవేవీ చిరుత మీద ప్రేమ పుట్టించే మంత్రాలు కావు. నష్టాన్ని ఒక్క ఇంటిమీదే పడనివ్వకుండా ఊరంతా పంచుకునే ఏర్పాట్లు.

లెక్కపెట్టే ఆడవాళ్లు

ఇప్పుడు కిబ్బర్ మహిళలు కొందరు కెమెరా ట్రాప్‌లు భుజాన వేసుకుని మంచులో కొండలెక్కుతున్నారు. చిరుత గోళ్లతో నేల గీరిన చోటు, వాసన వదిలిన బండ వెతికి అక్కడ కెమెరా బిగిస్తారు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని వేల ఫొటోల్లోంచి చిరుతల్ని ఏరతారు. మన వేలిముద్రల్లాగే ఏ రెండు చిరుతల మచ్చలూ ఒక్కలా ఉండవు. వాటిని పోల్చి ఇది పాతదా, కొత్తదా అని చెప్పేస్తారు.

2019 నుంచి 2023 వరకూ దేశమంతా ఇలాగే వెతికారు. 1,971 చోట్ల కెమెరాలు పెట్టి జరిపిన ఈ తొలి జాతీయ గణన వివరాలు 2024 జనవరిలో వెలువడ్డాయి. మనదేశంలో 718 మంచు చిరుతలున్నాయని తేలింది. అందులో 477 లద్దాఖ్‌లోనే. హిమాచల్ వాటా 51. ఆ తర్వాత హిమాచల్ మళ్లీ లెక్కపెట్టించి 2025లో ఫలితం ప్రకటించింది. ఈసారి 83! ఆ లెక్కలో కిబ్బర్ ఆడవాళ్ల చెయ్యీ ఉంది.

కొత్త చిక్కులు

ఇప్పుడు ఫిబ్రవరి, మార్చి నెలలొస్తే చాలు... చిరుతను చూడ్డానికి దేశవిదేశాల నుంచి కెమెరాలతో జనం వస్తున్నారు. ఇళ్లు హోమ్‌స్టేలయ్యాయి. కొండ ఆనవాళ్లు తెలిసిన కాపరులే గైడ్‌లయ్యారు. చనిపోతే బాగుండుననుకున్న జంతువు బతికుంటేనే ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

అలాగని కథ సుఖాంతమైపోలేదు. సందర్శకులు పారేసే తిండితో స్పితిలో ఊరకుక్కలు బాగా పెరిగాయి. కొన్నిచోట్ల గొర్రెల్నీ మేకల్నీ చంపడంలో అవి చిరుతల్నే మించిపోయాయి. భరల్‌నూ తరుముతున్నాయి. రేపు ఒక్క చిరుత చుట్టూ వందమంది మూగితే ఏమవుతుందన్న భయమూ ఉంది.

పొద్దువాలే వేళ కిబ్బర్‌లో గంటల చప్పుడుతో మందలు ఇంటికొస్తాయి. యజమాని తలలు లెక్కపెట్టుకుని, దొడ్డి తలుపు వేసి, పైన వల సరిచూసుకుంటాడు. రేపు ఉదయం ఆ లెక్కలో ఒకటి తగ్గొచ్చు. తగ్గినా ఆ నష్టం అతనొక్కడిది కాదు, ఊరందరిదీ. కొండమీద చిరుత ఇంకా తిరుగుతోందంటే ఆ భరోసా వల్లే.