కోతులు ముట్టని పంట

కోట్‌ద్వార్‌లో రైలు దిగి, పౌరీ వెళ్లే షేర్ జీపు ఎక్కాను. సత్‌పులి దగ్గర నయార్ నది దాటాక ఎక్కడ చూసినా ఒకటే మొక్క. కల్వర్టు పక్కన, బడి గోడ వారన, చెత్తకుప్ప మీద కూడా అదే. ఐదేసి, ఏడేసి వేళ్లు చాపినట్టుండే ఆకులు. నేను ఫోన్ తీసి ఫొటోలు కొడుతుంటే డ్రైవర్ నవ్వాడు. "భాంగ్ అది, భయ్యా. ఇక్కడ గడ్డికి ఎవరైనా ఫొటో తీస్తారా?"

మనకి ఈ ఆకు కనిపిస్తే పాడేరు, చింతపల్లి వైపు చెక్‌పోస్టులు గుర్తొస్తాయి. ఉత్తరాఖండ్ కొండల్లో మాత్రం చట్నీ గుర్తొస్తుంది. నేను దిగిన ఇంటి పెద్దావిడ ఆ రాత్రే చేసి పెట్టింది. భాంగ్ గింజలు దోరగా వేయించి, పచ్చిమిర్చి, ఉప్పు, నిమ్మరసం వేసి రోట్లో నూరడమే. నువ్వుల పచ్చడికి దూరపు చుట్టంలా ఉంది. గింజలో మత్తేమీ ఉండదు. 2021లో ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా ఈ గింజల్ని, వాటి నూనెని, పిండిని ఆహారం కిందే లెక్కేసింది. ఒకప్పుడు ఈ కాండం నారతో తాళ్లు పేనేవారు, 'భంగేలా' అనే ముతక బట్ట నేసేవారు. ఆ బట్ట తన చిన్నప్పుడు చూశానని పెద్దావిడ చెప్పింది. ఇప్పుడు ఆ ఊళ్లో నేసేవాళ్లెవరూ లేరు.

నేసేవాళ్లే కాదు, మనుషులే తగ్గిపోయారు. 2001-2011 మధ్య జనాభా తగ్గిన జిల్లాలు ఈ రాష్ట్రంలో రెండు: పౌరీ, అల్మోరా. పొద్దున్నే ఊరు తిరిగితే అర్థమైంది. తలుపులకి తాళాలు, తాళాలకి తుప్పు. మెట్లమెట్లుగా చెక్కిన పొలాల్లో సగం బీడు. మండువా, అంటే మన రాగులు (మా విజయనగరం వైపు చోళ్లు) వేస్తే రాత్రి అడవిపందులు, పగలు కోతులు. పెద్దావిడ మాటల్లో, "మేం విత్తుతాం, అవి కోస్తాయి."

అందుకే 2018లో దేశంలో మొదటిసారిగా ఈ రాష్ట్రం పారిశ్రామిక హెంప్ సాగుకి లైసెన్సు ఇచ్చినప్పుడు ఇక్కడ ఆశ పుట్టింది. కోతులు, పందులు దీని జోలికి పెద్దగా రావు. నీళ్లు కొంచెం చాలు. బట్ట, కాగితం, నూనె, ఇంటి గోడకి ఇటుక కూడా వస్తాయంటారు. ఢిల్లీలో ఉద్యోగం చేసే పెద్దావిడ కొడుకు ఓ వీడియో పంపాడట. ఎకరానికి లక్షలు! నాకూ చూపించింది. ఆ వీడియోలో ఖర్చుల గురించి ఒక్క ముక్క లేదు.

హెంప్, గంజాయి ఒకే జాతి మొక్కలు. తేడా మత్తునిచ్చే టీహెచ్‌సీలో ఉంది. అది 0.3 శాతం లోపుంటే హెంప్, దాటితే ఆ చేనుని నాశనం చెయ్యాల్సిందే. కొండల్లో తనంతట తాను మొలిచే మొక్కల్లో చాలావాటికి ఆ గీత లోపల ఉండే అలవాటు లేదు. పైగా దీని పుప్పొడి గాల్లో కిలోమీటర్ల కొద్దీ పోతుంది. లైసెన్సు విత్తనం కొని వేసినా, గోడవతలి పిచ్చిమొక్క పుప్పొడి వచ్చి గింజ కట్టించేస్తే, ఆ గింజని వచ్చే ఏడాది విత్తనంగా నమ్మలేం. పోనీ విదేశీ విత్తనం తెద్దామంటే, యూరప్‌లోని పొడుగు పగళ్లకి అలవాటైన రకాలు ఇక్కడ తొందరగా పూతకొచ్చి పొట్టిగా ఆగిపోతాయి. పొట్టి మొక్కలో నార ఎంతుంటుంది?

డబ్బు లెక్క ఇంకా చిక్కు. మొక్కలో ఎక్కువ ధర పలికేది పూత, ఎందుకంటే మందుల్లో వాడే సీబీడీ అందులోంచి తీస్తారు. మన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయి అని పిలిచేదీ ఆ పూతనే. ఇక రైతుకి నిశ్చింతగా మిగిలేవి గింజ, నార. నార సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా తాతగారు గోగు వేసేవారు. కట్టలు చెరువులో ఊరేస్తే వారాల తరబడి ఆ కంపు ఊరంతా కొట్టేది. ఆ నీళ్లు పశువులు కూడా తాగేవి కావు. నడుం లోతు నీళ్లలో నిలబడి నార ఒలిచేవాళ్లు. అంతా అయ్యాక కొనడానికి పక్కనే జూట్ మిల్లు ఉండేది. మిల్లులు మూతబడ్డాక గోగుచేలూ పోయాయి. (హెంప్‌ని తెలుగులో జనపనార అని రాసేస్తుంటారు గానీ, జనుము వేరు, గోగు వేరు, ఇది వేరు.)

హెంప్ కాండాన్నీ అలాగే నానబెట్టాలి, లేదా మంచుకి ఆరబెట్టాలి. ఈ ఊరికి ఉన్నది ఒకే ఒక్క ఊట. వేసవిలో బిందె నిండటానికి పావుగంట పడుతుంది. అందులో కట్టలు ఊరేస్తారా? నార తీసే యంత్రం ఊళ్లో లేదు. కొండ మీంచి మోపులు దింపితే జీపు కిరాయికే సరి.

ఇది మన దేశం గొడవే అనుకోకండి. అమెరికాలో 2018 చివర్లో హెంప్‌ని చట్టబద్ధం చేయగానే కెంటకీలో పొగాకు రైతులు సైతం ఎగబడ్డారు. అందరూ సీబీడీ కోసమే వేశారు. సరుకు పోటెత్తి ధర కుప్పకూలింది. కొన్న పంటకి డబ్బివ్వలేక కంపెనీలు దివాలా తీశాయి, కోసింది కొట్టాల్లోనే ఉండిపోయింది. అక్కడి వ్యవసాయ శాఖ లెక్కలో దేశం మొత్తం హెంప్ పంట విలువ 2021లో 82.4 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాదికి 23.8 కోట్లు. రోడ్లు, యంత్రాలు, బీమా అన్నీ ఉన్నచోటే అలా అయింది.

అయినా నాకు ఈ పంట మీద కోపం లేదు. చట్నీకి గింజ, చలికి బట్ట అనుకున్నంతకాలం కొండవాళ్లని అది ముంచలేదు. ముందు మిల్లు పెట్టి తర్వాత విత్తనం ఇస్తే కథ వేరు. ఇక్కడ విత్తనం ముందొస్తోంది, మిల్లు వీడియోలో ఉంటోంది. చేను పరీక్షలో తప్పితే పోయేది రైతు డబ్బే.

బయల్దేరేటప్పుడు పెద్దావిడ గుప్పెడు గింజలు పొట్లం కట్టిచ్చింది. "నువ్వు పత్రికల్లో రాస్తావుగా బేటా, కొనేవాళ్లెవరైనా తగిలితే ఫోన్ చెయ్. అప్పుడు మా వాణ్ణి రమ్మంటాను" అంది.

పొట్లం అయిపోయింది. ఆవిడకి ఇంకా ఫోన్ చెయ్యలేదు.