ఆరొందల కట్టల చొక్కా

ఈ గ్రూపులో ఎప్పుడూ చదవడమే తప్ప నేను రాసింది లేదు. మొన్న ఒక తమ్ముడు "ఇంటర్వ్యూ ఉంది, ఫార్మల్స్ లేవు, ఎక్కడ తక్కువలో దొరుకుతాయి" అని అడిగాడు. రెండు లైన్లు రిప్లై పెడదామని మొదలుపెట్టా, ఇంత పెద్దది అయిపోయింది. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మాది భద్రాచలం ఏజెన్సీలో కోయ గూడెం. మా ఇంట్లో కాలేజీ గేటు దాటింది నేనే మొదటివాణ్ణి. ఇప్పుడు హైదరాబాదులో హాస్టల్లో ఉండి డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నా. పోయిన ఏడాది కాలేజీకి ఒక కంపెనీ వస్తుందని నోటీసు పెట్టారు. కింద ఒక లైను: ఫార్మల్స్ కంపల్సరీ. నా దగ్గర అప్పటికి ఉన్నవి రెండు జీన్సులు, మూడు టీషర్టులు, సంతలో కొన్న ఒక గళ్ళ చొక్కా. ఫస్టియర్లో ఆ గళ్ళ చొక్కా వేసుకెళ్తే "ఏ సంతలో కొన్నావ్ రా" అని ఒకడు నవ్వాడు. నిజంగానే సంతలో కొన్నా కాబట్టి ఏమనాలో తెలియలేదు. ఆ తర్వాత దాన్ని రూములోనే వేసుకునేవాణ్ణి.

నోటీసు చూశాక ఒక మాల్‌కి వెళ్ళా. ఏసీ, పాటలు, అద్దాలు. లైట్ బ్లూ చొక్కా ఒకటి పట్టుకుని ట్యాగ్ తిప్పి చూస్తే 1,799. చొక్కాని మెల్లగా హేంగర్‌కి తగిలించేశా. నాకు చిన్నప్పటి నుండి ఒక అలవాటు. ఏ రేటు చూసినా తునికాకు కట్టల్లోకి మార్చుకుంటా. నేను ఇంటర్ చదివేటప్పుడు మా కల్లంలో కట్టకి మూడు రూపాయలు ఇచ్చారు. కట్టకి యాభై ఆకులు. అంటే ఆ చొక్కా ఆరొందల కట్టలు, ముప్పై వేల ఆకులు. మా అమ్మ ఎండలో ఎన్ని పొద్దులు వంగితే అన్ని ఆకులవుతాయో నాకు తెలుసు. సెక్యూరిటీ అన్న ముందు నుండి ఖాళీ చేతులతో బయటికొచ్చేశా.

రూముకొచ్చి చెబితే మా సీనియర్ అన్న (ఆయనది ఉట్నూరు వైపు, గోండు) నవ్వి, "ఆదివారం పొద్దున నాతో కోఠి రా" అన్నాడు. ఆదివారం అబిడ్స్‌లో షాపులు మూసి ఉంటే ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పెడతారని మనలో చాలామందికి తెలుసు, పోటీ పరీక్షల పుస్తకాలకి అక్కడికే పోతాం కదా. అక్కడి నుండి కోఠి వైపు నడిస్తే బట్టలు. నేల మీద టార్పాలిన్ పరిచి గుట్టలుగా పోస్తారు. కొన్ని ఫ్యాక్టరీ సరుకు, ఏదో చిన్న లోపం ఉండి మిగిలినవి. కొన్ని ఎవరో వేసుకుని వదిలేసినవి.

ఒకరు వేసుకున్నవి అనగానే నా కడుపులో ఏదో అయ్యింది. ఎందుకో చెప్పాలి.

నేను ఆశ్రమ పాఠశాలలో చదివేటప్పుడు ఒకసారి కార్లలో కొంతమంది వచ్చారు. గోనె సంచుల్లో పాత బట్టలు తెచ్చారు. మమ్మల్ని లైనులో నిలబెట్టి తలా ఒకటి ఇచ్చి ఫొటో తీశారు. నాకు వచ్చిన ప్యాంటుకి బొత్తం లేదు, జిప్పు లేదు. నడుము నాకు రెండింతలు. వద్దు సార్ అనబోతే వెనకున్న వార్డెన్ వీపు మీద తట్టారు. నవ్వమన్నారు. నవ్వాను. ఇచ్చినవాళ్ళది మంచి మనసే కావచ్చు, నేను తప్పు పట్టట్లేదు. కానీ పాత బట్ట అంటే నాకు ఆ ఫొటోయే గుర్తొస్తుంది.

కోఠిలో గుట్ట ముందు నేను అలాగే నిలబడిపోయా. అన్న చేయి పెట్టి ఒక చొక్కా తీశాడు, చూశాడు, పక్కన పడేశాడు. ఇంకోటి తీశాడు, పడేశాడు. పది పడేశాడు. అమ్మే భాయ్ ఒక్క మాట అనలేదు. అప్పుడు నాకు అర్థమైంది. ఇక్కడ వద్దు అనొచ్చు. నచ్చకపోతే పడేయొచ్చు. లైను లేదు, ఫొటో లేదు. నేనూ కూర్చుని గుట్టలో చేయి పెట్టా.

అయినా ఆ రోజు మోసపోయా. మోసం చేసింది భాయ్ కాదు, నా తొందరే. తెల్ల చొక్కా ఒకటి తళతళా మెరుస్తోంది, రెండొందలన్నాడు, బేరం కూడా ఆడకుండా ఇచ్చేశా. రూములో వేసుకుని చూస్తే భుజం కుట్టు మోచేతి వైపు జారిపోయింది. చంకలో పసుపు మచ్చ. ఒకసారి ఉతికితే కాలర్ మీద బుడగలు లేచాయి. రెండొందలంటే నాకు దాదాపు సగం రాత్రి క్యాటరింగ్ కూలి. పెళ్ళిళ్ళ సీజన్లో మన హాస్టల్ పిల్లలం చాలామంది వెళ్తాం కదా, సాయంత్రం నుండి తెల్లవారుజాము దాకా నిలబడితే ఐదొందలు.

అన్న తిట్టలేదు. "మీ నాయన ఎద్దుని ఎలా కొంటాడు?" అని అడిగాడు.

మా నాయన ఎద్దుని కొనేటప్పుడు దాని రంగు చూడడు. నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. గిట్టలు ఎత్తి చూస్తాడు. కాస్త దూరం నడిపిస్తాడు. మెడ మీద కాడి పుండు ఉందేమో తడుముతాడు. అన్నీ అయ్యాక రేటు అడుగుతాడు. చొక్కాకి కూడా అంతే అన్నాడు అన్న. ఆ తర్వాత నాలుగైదు ఆదివారాలు నేను కొనకుండా చూడటమే నేర్చుకున్నా. నేను నేర్చుకున్నవి ఇవీ:

ముందు భుజం. కుట్టు మీ భుజం ఎముక చివర కూర్చోవాలి. నడుము తగ్గించొచ్చు, చేతులు కురచ చేయించొచ్చు, భుజం సరిచేయాలంటే చొక్కా మొత్తం విప్పాలి, ఆ ఖర్చుతో ఇంకోటి వస్తుంది. భుజం సరిపోకపోతే ఎంత మంచిదైనా వదిలేయండి.

రెండోది కాలర్. ముందు లోపలి వైపు చూడండి, చెమట గీత, అరిగిన అంచు అక్కడే ఉంటాయి. తర్వాత రెండు వేళ్ళతో నలపండి. పైబట్ట లోపలి అట్ట నుండి విడిపోయినట్టు తేలుతుంటే ఉతికాక బుడగలొస్తాయి. చంకలు, కఫ్‌ల అంచులు కూడా చూడాలి. ఇవన్నీ ఎండ వెలుతురులో చూడాలి, టార్పాలిన్ నీడలో పసుపు మచ్చ కనపడదు.

మూడోది కుట్టు. మీ బొటనవేలి పై కణుపు సుమారు ఒక అంగుళం ఉంటుంది. దాన్ని కుట్టు పక్కన పెట్టి లెక్కపెట్టండి. చవక చొక్కాకి ఎనిమిదో పదో ఉంటాయి, మంచిదానికి పద్నాలుగు పైనే. చారల చొక్కా అయితే జేబు మీద చారలు చొక్కా చారలతో కలిశాయా చూడండి. అలా కలపాలంటే బట్ట ఎక్కువ పడుతుంది, శ్రమ కూడా, కాబట్టి చవకగా కుట్టేవాళ్ళు కలపరు. లోపల కింద అదనపు బొత్తం కుట్టి ఉంటే అది కూడా మంచి గుర్తే.

నాలుగోది బట్ట. లోపలి చిన్న లేబుల్ మీద కాటనా పాలిస్టరా రాసి ఉంటుంది. లేబుల్ కత్తిరించేసి ఉంటే భయపడకండి. తిరుప్పూర్ లాంటి చోట్ల బయటి దేశాల కంపెనీలకి కుట్టి మిగిలిపోయిన సరుకు అమ్మేటప్పుడు చాలాసార్లు పేరు కత్తిరించి అమ్ముతారు. అనుమానముంటే కొన్నాక ఒక పోగు లాగి కాల్చి చూడండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది.

ప్యాంటు అయితే వెనక నడుము దగ్గర లోపల కుట్టు తిప్పి చూడండి. అక్కడ అదనంగా బట్ట వదిలి ఉంటే వదులు చేయించొచ్చు. జిప్పు మూడుసార్లు పైకీ కిందకీ లాగండి. తొడల మధ్య వెలుతురుకి పెట్టి చూడండి, ముందు అరిగేది అక్కడే.

ఇంటికి తెచ్చాక వేడినీళ్ళలో సబ్బేసి నానబెట్టి, ఉతికి, మంచి ఎండలో ఆరేయండి. హాస్టల్లో ఒకడికి గజ్జి వస్తే రూమంతా వస్తుందని మీకు చెప్పక్కర్లేదు. లోపలి బట్టలు మాత్రం ఎంత చవకైనా పాతవి కొనొద్దు.

ఈ బట్టలు ఎక్కడినుండి వస్తాయని భాయ్‌ని అడిగా. నాకు హిందీ అంతంతమాత్రం, ఆయనకి తెలుగు అంతంతమాత్రం, అయినా అర్థమైంది. కాలనీల్లో స్టీలు గిన్నెలు ఇచ్చి పాత బట్టలు తీసుకునే అక్కలు ఉంటారు కదా, వాళ్ళ దగ్గర నుండి. తెచ్చినవాటిని ఏరి, ఉతికి, చిరుగులు కుట్టి, ఇస్త్రీ చేసి తెస్తారు. మరీ పనికిరానివి పానిపట్ దాకా పోతాయి, అక్కడ చింపి మళ్ళీ నూలు తీసి దుప్పట్లు నేస్తారు. ఒక్క చొక్కా వెనక ఇంతమంది చేతులున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. అందుకే బేరం ఆడండి కానీ మరీ గీచి గీచి ఆడకండి.

ఐదో ఆదివారం నా చొక్కా దొరికింది. లైట్ బ్లూ, సన్న చారలు, జేబు మీద చారలు కలిశాయి. భుజం అచ్చంగా నాదే. "కిత్నా భాయ్?" అంటే "దో సౌ" అన్నాడు. నూట యాభైకి ఇచ్చాడు. ఇంకో గుట్టలో నల్ల ప్యాంటు రెండొందల యాభై. ఫుట్‌పాత్ మీద మిషన్ పెట్టుకున్న టైలర్ తాత నడుము, పొడవు సరిచేసి రెంటికీ కలిపి వంద తీసుకున్నాడు. మొత్తం ఐదొందలు. ఒక్క రాత్రి క్యాటరింగ్.

అదే రోజు నాయనకి కూడా ఒకటి కొన్నా, నూట ఇరవై. తేనె రంగు కాటన్ చొక్కా. పోడు పట్టా కాగితాల కోసం ఆఫీసుకి పోవాలి, కాలర్ ఉన్న చొక్కా ఒకటి చూడు అని ఫోన్లో అడిగాడు. ఏ ఆఫీసో చెప్పను. అంతకుముందు లుంగీ, చిరుగు చొక్కాతో పోతే పొద్దున్నుండి సాయంత్రం దాకా వరండాలో నిలబెట్టి, మళ్ళీ రమ్మన్నారు. నాయన ఏనాడూ నన్ను ఏదీ అడగలేదు. అడిగింది అదొక్కటే.

పండక్కి ఇంటికెళ్ళి ఇచ్చా. కొత్తదే అని చెప్పా. నాయన చొక్కాని చేతిలోకి తీసుకుని కాలర్ తిప్పాడు. లోపల మూలకి చిన్నగా నల్ల సిరాతో చాకలి గుర్తు, ఒక అక్షరం, రెండు చుక్కలు. ఇన్ని చూడటం నేర్చుకున్నవాణ్ణి, అది చూసుకోలేదు.

"ఎవరిది ఇది?" అన్నాడు.

నాకు మాట రాలేదు. పక్కనుండి నాయనమ్మ "చచ్చినోళ్ళదేమో, పారెయ్" అంది. కోఠి సంగతి మొత్తం చెప్పేశా. మాల్‌లో 1,799 చూసి తిరిగొచ్చింది, తెల్ల చొక్కా, ఎద్దు పళ్ళు, అన్నీ. నాయన విని చాలాసేపు ఏమీ అనలేదు. కుట్టు మీద గోరు పెట్టి గీసి చూశాడు. బొత్తాలు ఒక్కొక్కటే లాగి చూశాడు. ఎండలోకి పట్టుకుపోయి తిప్పాడు. అచ్చం ఎద్దుని చూసినట్టే.

"బానే కొన్నావ్. మరి కొత్తదని అబద్ధం ఎందుకు చెప్పావ్? మనమెప్పుడైనా కొత్త ఎద్దుని కొన్నామా?" అన్నాడు.

తర్వాత వారం ఆ చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్ళొచ్చి ఫోన్ చేశాడు. కుర్చీ వేశారా అని అడిగా. వేయలేదంట. కానీ గుమ్మం దగ్గర అతను "మీరు మాస్టారా?" అని అడిగాడంట. మీరు అన్నాడు రా అని చెప్పి నాయన పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వా. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వు రాలేదు. అదే మనిషి, అదే కాగితం, మారింది నూట ఇరవై రూపాయల చొక్కా. పట్టా కాగితం ఇది రాసే నాటికి ఇంకా రాలేదు.

నా ఇంటర్వ్యూ సంగతి కూడా చెప్పాలి. రాలేదు. రాతపరీక్ష పాసయ్యా, రెండో రౌండ్‌లో ఇంగ్లీషు దగ్గర ఆగిపోయా. చొక్కా వేసుకుంటే ఉద్యోగం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ ఒక్కటి నిజం. ఆ రోజు రెండు గంటలు ఆ హాల్లో కూర్చున్నా, నా బట్టల గురించి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఫస్టియర్ నుండి ఏ క్లాసులోనూ నాకు అలా జరగలేదు. ఓడిపోయింది ఇంగ్లీషులోనే, దానికి ఇప్పుడు రోజూ గంట కూర్చుంటున్నా.

ఆ బ్లూ చొక్కా ఇప్పటికి మా ఫ్లోర్‌లో నలుగురు వేసుకెళ్ళారు. అందులో ఒక తమ్ముడికి ఉద్యోగం వచ్చింది, మొదటి జీతంతో అందరికీ బిర్యానీ పెట్టాడు. చొక్కాని మాత్రం ఉతికి ఇస్త్రీ చేసి తిరిగిచ్చాడు.

ఫార్మల్స్ అడిగిన తమ్ముడూ, నీ సైజు 38 అయితే రేపు సాయంత్రం వచ్చి తీసుకెళ్ళు. కాకపోతే ఆదివారం పొద్దున ఏడింటికి రెడీగా ఉండు, కలిసి పోదాం. తప్పులుంటే పెద్దలు క్షమించాలి.

జై ఆదివాసీ.