పార్కింగ్ లాట్‌లో పుట్టిన బండి

ఆదివారం పొద్దున్నే ఆరింటికి లేపి "పద, పాత జీన్స్ కొనుక్కొద్దాం" అంటే ఎవడికైనా మండుతుంది. నాకూ మండింది. ఆఫీసు పని మీద రెండు వారాలకి కాలిఫోర్నియా వెళ్లాను. వీకెండ్ మకాం అర్వైన్‌లో, మా కాలేజీ ఫ్రెండ్ ఇంట్లో. రాత్రి రెండింటిదాకా వెబ్ సిరీస్ చూసి పడుకున్నాం. అయినా వాడు వదల్లేదు. "రోజ్ బౌల్‌లో సంతరా. నెలకి ఒక్కసారే, రెండో ఆదివారం. మిస్సయితే నువ్వు మళ్లీ చూడవు."

రోజ్ బౌల్ అనగానే లేచి కూర్చున్నాను. జీన్స్ కోసం కాదు.

పసడీనా ఊళ్లో కొండల మధ్య పల్లంలో ఉంటుంది ఆ స్టేడియం. 1922 నాటిది. 1994 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్ ఇక్కడే జరిగింది. ఇటలీ ఆటగాడు బాజ్జో పెనాల్టీని గోల్ పోస్ట్ మీదుగా కొట్టి తల దించుకుని నిలబడిన వీడియో మీరూ చూసే ఉంటారు. సంత మాత్రం స్టేడియం బయట, పార్కింగ్ లాట్‌లో. పాత రికార్డులు, తుప్పు పట్టిన కార్ల నంబర్ ప్లేట్లు, ఎవరో తాతగారి తోలు జాకెట్లు. వాడు జీన్స్ గుట్టలో తల దూర్చాడు. నేను మాత్రం నేల వైపు చూస్తూ నడుస్తున్నాను. ఏం పారేసుకున్నావని అడిగాడు.

"1956లో ప్రపంచంలో మొదటి గో కార్ట్‌ని ఈ పార్కింగ్ లాట్‌లోనే తోలి చూశార్రా" అన్నాను.

వాడు ఏమీ అనలేదు. గో కార్ట్ అనే మాట మా ఇద్దరి మధ్య వచ్చి ఏడేళ్లయింది.

ఆ కథ తర్వాత. ముందు ఆ మొదటి బండి సంగతి. ఆర్ట్ ఇంగెల్స్ అని ఒకాయన గ్లెండేల్‌లోని కర్టిస్ క్రాఫ్ట్ కంపెనీలో పనిచేసేవాడు. 1950ల్లో ఇండియానాపోలిస్ 500 రేసుని పలుమార్లు గెలిచిన కార్లు ఆ కంపెనీ చేసినవే. పగలంతా అంత పెద్ద కార్లు తయారుచేసే మనిషి, ఇంటికెళ్లి గ్యారేజీలో నాలుగు ఇనప పైపులు వెల్డ్ చేసి, బుల్లి చక్రాలు తగిలించి, నేలకి జానెడు ఎత్తులో కూర్చునే బండి చేశాడు. ఇంజిన్ సంగతి లూ బొరెల్లి అనే స్నేహితుడు చూసుకున్నాడు. అది గడ్డి కోసే మెషిన్‌కి వాడే వెస్ట్ బెండ్ టూ స్ట్రోక్ ఇంజిన్. పవర్ రెండున్నర హార్స్‌పవర్. మన ఊళ్లో పాత లూనా బండి గుర్తుందా, ఇంచుమించు ఆ లెక్క.

ఆ ఇంజిన్ వెనక ఇంకో కథ ఉంది, నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. గడ్డి కోసే మెషిన్ల వ్యాపారం ఒకటి మునిగిపోయి, దాని కోసం చేసిన ఇంజిన్లు మిగిలిపోయాయి. అవి చౌకగా దొరికాయి కాబట్టే కార్టింగ్ నడిచింది. ఒకడి దివాలా సరుకుతో ఇంకొకడి ఆట మొదలైంది.

ఇంగెల్స్ ఆ బండిని పొమోనాలో కార్ల రేసులు జరిగే చోటికి పట్టుకెళ్లాడు. అక్కడ డఫీ లివింగ్‌స్టన్ కంట్లో పడింది. డఫీకి రాయ్ డెస్‌బ్రో అనే భాగస్వామితో కలిసి సైలెన్సర్ల షాపు ఉండేది. పాత మోడల్ టీ ఫోర్డ్ బాడీతో సొంతంగా రేసు కారు చేసుకుని ఫెరారీల పక్కన పరిగెత్తించిన మొండి మనిషి. ఆయన ఇంటికెళ్లి తనకొకటి చేసుకున్నాడు. చూసినవాళ్లు మాకూ కావాలన్నారు. ఆదివారాలు రోజ్ బౌల్ పార్కింగ్‌లో గుంపు పెరిగింది. అక్కడ వద్దని తరిమితే వెస్ట్ కొవీనాలో ఈస్ట్‌ల్యాండ్ షాపింగ్ సెంటర్ పార్కింగ్‌కి మారారు. ఖాళీ గ్రౌండ్ కోసం వీధి వీధీ తిరిగిన గల్లీ క్రికెట్ బ్యాచ్‌లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

మిగిలిపోయిన సరుకు కొని అమ్మే బిల్ రోల్స్ మూడోవాడిగా చేరాడు. ఇంజిన్ల దారి ఆయనకి తెలుసు. ముగ్గురూ కలిసి పెట్టిన కంపెనీ పేరు గో కార్ట్ మాన్యుఫ్యాక్చరింగ్ కంపెనీ. ఊరు అజూసా. రాడ్ అండ్ కస్టమ్ పత్రికలో పనిచేసిన లిన్ వైన్‌ల్యాండ్ పెట్టిన పేరు అది. అంటే మనం ఇవాళ ఏ మాల్‌లో కనపడ్డా గో కార్ట్ అనేస్తున్నాం కానీ, అది మొదట ఒక కంపెనీ బ్రాండ్. ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు, ఏ ఫోటోకాపీనైనా జిరాక్స్ అన్నట్టు.

"అజూసా ఎంత దూరం?" అన్నాడు వాడు, కొన్న జీన్స్ భుజాన వేసుకుని.

"అరగంట కూడా పట్టదు."

"పద మరి."

210 ఫ్రీవే మీద తూర్పుకి వెళ్తుంటే ఎడమ పక్క శాన్ గాబ్రియేల్ కొండలు మనతో పాటే వస్తాయి. కారులో అరగంట మౌనం అంటే చాలా ఎక్కువ. అందుకని మా కథ ఇక్కడ చెప్పేస్తాను.

మేమిద్దరం విజయవాడ పక్కన ఒక కాలేజీలో మెకానికల్. ఫైనల్ ఇయర్‌లో కాలేజీల మధ్య జరిగే కార్ట్ పోటీకి పది మంది చందాలేసుకుని బండి చేశాం. ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించాం. బండి గట్టిగా ఉండాలని ఫ్రేమ్‌కి అడ్డ పైపుల మీద అడ్డ పైపులు వేయించాం. వెల్డింగ్ బాబాయ్ ఒకరోజు విసుక్కుని "బండి చేస్తున్నారా, ఇనప మంచం చేస్తున్నారా?" అన్నాడు. మేం నవ్వాం. ఆయన చెప్పిందే కరెక్ట్ అని అప్పటికి మాకు తెలియదు.

ఎందుకంటే కార్ట్‌కి సస్పెన్షన్ ఉండదు. డిఫరెన్షియల్ ఉండదు. ఎడ్లబండిలో ఇరుసు కదలదు, చక్రాలు దేనికది తిరుగుతాయి. రేసు కార్ట్‌లో రివర్స్. వెనక చక్రాలు రెండూ ఇరుసుకి బిగించి ఉంటాయి, మూడూ కలిసే తిరుగుతాయి. మరి మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి కదా? రెండూ ఒకే స్పీడులో తిరిగితే బండి మలుపు తిరగనని మొరాయిస్తుంది. దానికి విరుగుడు ఏంటంటే, స్టీరింగ్ తిప్పగానే ముందు లోపలి చక్రం కాస్త కిందకి నొక్కుతుంది, ఫ్రేమ్ మెలి తిరుగుతుంది, వెనక లోపలి చక్రం నేల నుంచి లేస్తుంది. ఆ కాసేపు బండి మూడు కాళ్ల మీద తిరుగుతుంది. అంటే ఆ పైపులే స్ప్రింగులు. అవి ఎంత వంగాలి, ఎంత త్వరగా తిరిగి రావాలి అనేదే కార్ట్ కంపెనీల అసలు విద్య. మేం మా స్ప్రింగులకి అడ్డంగా పైపులు వేసి చంపేశాం.

అయినా మా బండి పోయింది దాని వల్ల కాదు. బ్రేక్ టెస్ట్‌లో. స్పీడుగా వచ్చి పెడల్ తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి తిన్నగా ఆగాలి. మూడు ఛాన్సులిచ్చారు, మూడుసార్లూ ఆగలేదు. ట్రాక్ ఎక్కనివ్వలేదు. బ్రేకుల బాధ్యత నాది. బండిని లారీ ఎక్కించే ముందు రాత్రి బ్రేక్ లైన్‌లో గాలి తీయాల్సింది నేను. ఆ రాత్రి నేను హైదరాబాద్ బస్సులో ఉన్నాను. పొద్దున సాఫ్ట్‌వేర్ కంపెనీ రెండో రౌండు. ఉద్యోగం వచ్చింది. గాలి మా వాడొక్కడే తీశాడు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇబ్బంది.

అజూసా చిన్న ఊరు. అమెరికాలో ఏ నుంచి జెడ్ దాకా అన్నీ ఉన్న ఊరని దాని పేరులోని అక్షరాలతో గొప్పగా చెప్పుకుంటారు. పాత రూట్ 66 ఫుట్‌హిల్ బొలెవార్డ్ పేరుతో ఊరి మధ్యలోంచి పోతుంది. ఇక్కడ తయారైన కిట్ ధర 129 డాలర్లు. ఇంటికి తెచ్చుకుని బిగించుకోవడమే. కంపెనీ తన కోసం ఇక్కడే ప్రత్యేకంగా కార్ట్ ట్రాక్ కూడా వేసుకుంది. ఆ తర్వాత పదుల కొద్దీ కంపెనీలు దిగాయి. చెట్లు కోసే రంపాలు చేసే మెకల్లక్ కంపెనీ 1959లో కార్ట్‌ల కోసమే ఎంసీ 10 అనే ఇంజిన్ దించింది. (ఆ మెకల్లక్ గారే తర్వాత లండన్ బ్రిడ్జిని కొని, రాళ్లు విప్పి ఆరిజోనా ఎడారికి తెచ్చుకున్నారు. డబ్బున్న పిచ్చికి కూడా ఓ స్థాయి ఉంటుంది.) మొదటి బండి చేసిన ఇంగెల్స్, బొరెల్లి కూడా కారెట్టా పేరుతో బండ్లు అమ్మారు. కానీ జనం నోట్లో నిలిచింది గో కార్ట్.

ఆ పేరున్న కంపెనీ 1960ల మొదట్లోనే దివాలా తీసింది. తనే తెరిచిన మార్కెట్ తనని దాటి వెళ్లిపోయింది. 1964లో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ రోమ్‌లో జరిగింది, గెలిచినవాడు ఇటలీ డ్రైవర్ గ్విడో సాలా. ఆ తర్వాత రేసు కార్ట్ అంటే ఇటలీయే అయింది. టోనీ కార్ట్, బిరెల్, సీఆర్‌జీ అన్నీ అక్కడివే. వెర్‌స్టాపెన్ 2013లో కార్టింగ్ ప్రపంచ టైటిల్ గెలిచింది సీఆర్‌జీ బండి మీద. స్టార్టప్ వీడియోల్లో మొదట వచ్చినవాడిదే రాజ్యం అని ఊదరగొడతారే, వాళ్లని ఓసారి అజూసా తీసుకురావాలి.

టాకో బండి పక్కన కారాపి తింటూ ఉన్నాం. "ఏం చూడ్డానికి వచ్చాంరా ఇక్కడికి? ఏమీ లేదుగా" అన్నాడు. లేదని నాకు ముందే తెలుసన్నాను.

కాసేపాగి, "మామా, ఆ రోజు లైన్‌లో గాలి లేదు" అన్నాడు.

"ఏ రోజు?"

"తెలీనట్టు అడక్కు. పెడల్ లివర్ లెక్క నాది. పొడవు తప్పు వేశా. ఎంత తొక్కినా మాస్టర్ సిలిండర్ మీద చాలినంత ఒత్తిడి పడదు. ఇంటికొచ్చాక మళ్లీ లెక్క వేస్తే తెలిసింది. నువ్వు ఉన్నా ఫెయిలయ్యేదే."

ఏడేళ్లు. "మరి చెప్పలేదేంట్రా?"

"నువ్వు వెళ్లిపోయావని కోపం. అది తప్పు నాదని చెప్తే, ఆ కోపం ఎక్కడ పెట్టుకోను?"

నిజం చెప్పాలంటే నాకు తేలిగ్గా అనిపిస్తుందనుకున్నా. అనిపించలేదు. లివర్ ఎవరిదైనా, ఆ రాత్రి షెడ్డులో వాడి పక్కన నేను లేను. అది మారదు. "బస్సులో నిద్ర పట్టలేదురా" అన్నాను. "పట్టి ఉండదులే" అని ఇంకో టాకో నా ప్లేట్లో వేశాడు.

తిరిగొచ్చేటప్పుడు దారిలో అద్దెకిచ్చే కార్ట్‌ల ట్రాక్ కనిపిస్తే ఆగాం. కరెంటు బండ్లు, చుట్టూ లావుపాటి బంపర్లు. డఫీ చూస్తే బొమ్మలనుకునేవాడేమో. పచ్చ జెండా ఊపే ముందు పక్క బండిలో వాడు బ్రేక్ పెడల్‌ని రెండుసార్లు తొక్కి చూసుకోవడం కనిపించింది. అప్పటికే నా కాలు కూడా బ్రేక్ మీదే ఉంది.

వాడు నా కంటే రెండు సెకన్లు ముందొచ్చాడు. హెల్మెట్లతో సెల్ఫీ తీసి పాత టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అక్కడ చివరి మెసేజ్ ఎవరిదో రెండేళ్ల కిందటి సంక్రాంతి శుభాకాంక్షలు. అయిదు నిమిషాల్లో డాలస్ నుంచి ఒకడు, హైదరాబాద్ నుంచి ఇంకొకడు, ఇద్దరిదీ ఒకటే ప్రశ్న.

"బ్రేకులు పడ్డాయారా?"