బ్రస్సెల్సులో పులుపు

మా అక్క కొడుకు బ్రస్సెల్సులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు అక్టోబరులో వాడి భార్యకు పురుడు వచ్చింది. మా అక్కకు విమానమంటే భయం. తోడు ఎవరైనా వస్తేగాని కదలనన్నది. మా కాలేజీకి దసరా సెలవులు గనుక ఆ తోడు నేనయ్యాను. అక్కడికి వెళ్ళగానే అక్క వంటింట్లో స్థిరపడింది. కాయం, పథ్యం, ఉడుకునీళ్ళు, వీటి మధ్య మగవాళ్ళిద్దరమూ అడ్డమయ్యాము.

"మావయ్యా, ఈ ఊరు వచ్చి పుల్ల బీరు రుచి చూడకుండా వెళ్ళటం రాజమండ్రి వచ్చి గోదారి చూడకుండా వెళ్ళటం లాంటిది" అన్నాడు మేనల్లుడు.

బీరన్నది చేదుగా వుంటుందని విన్నాను గాని పుల్లగా వుంటుందని వినలేదు. నలభై అయిదేళ్ళు వచ్చినా ఏ రకమైన బీరూ నోట పెట్టినవాణ్ణి కాను. దానికి కారణం నీతీ నియమమూ కాదు. ఆ సంగతి తరువాత చెబుతాను.

మొదటిసారి తాగేవాడికి ఏది మంచిదని అడిగితే మావాడు పెద్ద జాబితా చదివాడు. బెర్లినులో గోధుమతో చేసే తేలిక బీరు ఒకటి వున్నదట. పులుపు తట్టుకోలేనివాళ్ళకు అందులో ఎర్రటిదో పచ్చటిదో షర్బతు పోసి ఇస్తారు. లైప్‌జిగ్ పట్నంలో గోజె అని ఇంకొకటి. అందులో ఉప్పూ ధనియాలూ వేస్తారు. "అది బీరా, చారా?" అన్నాను. ఇక బెల్జియంలోనే పడమటి వైపు రూసెలారె అనే ఊళ్ళో రోడెన్‌బాక్ వారి ఎర్ర బీరు. పెద్ద పెద్ద ఓకు తొట్లలో ముదిరిన బీరుకు లేత బీరు కలిపి, పులుపూ తీపీ సమం చేస్తారు. వీటన్నిటికీ పెద్దన్న బ్రస్సెల్సు లాంబిక్.

ఆ సాయంత్రమే నన్నొక కాఫీ హోటలు వంటి చోటికి తీసుకుపోయి, చెర్రీపళ్ళు వేసిన క్రీక్ అనే రకం తెప్పించాడు. అందులో తీపి కలిపారు. కొత్తవాళ్ళు దానితో మొదలుపెడితే సుళువని వాడి ఉద్దేశం. తాగాను. ఎండాకాలంలో పెళ్ళివారిచ్చే షర్బతులా వున్నది. పులుపు ఎక్కడో అడుగున వుండి వుండాలి. నాకు కనిపించలేదు.

"ఇది పిల్లలకు ఆముదం పంచదారలో పెట్టి ఇచ్చినట్టున్నదిరా. అసలుది చూపించు" అన్నాను.

మర్నాడు మిది స్టేషనులో దిగి, పది నిమిషాలు నడిచి, ఆండర్లెఖ్ట్ పేటలో గ్యూద్ వీధికి వెళ్ళాము. అక్కడ కాంటియోన్ అనే చిన్న బీరు తయారీశాల వున్నది. 1900లో ఒక కుటుంబంవారు మొదలుపెట్టారు. 1978 నుంచి దాన్ని ప్రదర్శనశాలగా కూడా నడుపుతున్నారు. బయటనుంచి చూస్తే పాత గిడ్డంగిలా వుంటుంది. లోపల అడుగుపెట్టగానే ఒక వాసన వచ్చింది. నేను చప్పున నిలబడిపోయాను. మావాడు చూడలేదు.

చేసే పద్ధతి ఇది. మొలకెత్తించిన బార్లీ రెండు పాళ్ళు, పచ్చి గోధుమ సుమారు ఒక పాలు. హాప్ అనే చేదు పువ్వు కూడా వేస్తారు గాని, ఏళ్ళ తరబడి నిలవవుంచి, చేదు చచ్చిన తరువాత వేస్తారు. అది సరుకును చెడనివ్వకుండా కాపాడుతుంది. గంటల తరబడి కాచిన ఆ రసాన్ని అటక మీదికి ఎక్కించి, వెడల్పయిన లోతు లేని రాగి పళ్ళెంలో పోస్తారు. గాలి ఆడేటట్టు కిటికీలు తెరిచి రాత్రంతా వదిలేస్తారు. అంతే! మిగతాచోట్ల బీరుకు పెంచిన ఈస్టు వేసి పులియబెడతారు. ఇక్కడ ఎవరూ ఏమీ వెయ్యరు. సెన్నె నది లోయ గాలిలో వున్న సూక్ష్మజీవులే వచ్చి అందులో పడతాయి. ఆ నది ఇప్పుడు ఊరి నడుమ కనిపించదు. 1867 నుంచి 1871 దాకా పనిచేసి, కంపు కొడుతున్నదని దాని మీద కప్పు వేసేశారు. నదిని కప్పారు గాని గాలిని కప్పలేదు.

ఈ పని చలికాలంలోనే చేస్తారు. వేసవి గాలిలో చెడగొట్టే జీవులు ఎక్కువ. మేము వెళ్ళిననాటికి పళ్ళెం ఖాళీగా వున్నది. తెల్లవారి చల్లారిన రసాన్ని చెక్క పీపాల్లోకి దింపుతారు. ఒకటి నుంచి మూడేళ్ళ దాకా అది అక్కడ తనంత తాను పులుస్తుంది. ముందు తీపి కల్లవుతుంది, తరువాత పెరుగు పులుపు ఎక్కుతుంది, చివరికి బ్రెట్టనోమైసిస్ అనే మొండి ఈస్టు వచ్చి మిగిలిన తీపిని తినేసి తన వాసన పెడుతుంది. ఆ ఈస్టుకు 1904లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలోని క్లాసెన్ పేరు పెట్టాడు. పీపాల మధ్య సాలెగూళ్ళు వేలాడుతున్నాయి. దులపరు. పళ్ళకోసం వచ్చే పురుగుల్ని సాలీళ్ళు తింటాయట.

ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళ లాంబిక్కులను కలిపి సీసాలో పోస్తే, లేతదానిలో మిగిలిన తీపితో సీసాలోనే మళ్ళీ పులిసి పొంగుతుంది. అదే గ్యూజ్. పీపాలో చెర్రీపళ్ళు నానవేస్తే క్రీక్.

చుట్టి వచ్చిన తరువాత చిన్న గ్లాసులతో రుచి చూపిస్తారు. పోసే ఆయనతో మా మేనల్లుడు ఇంగ్లీషులో, అదేదో మామూలు విషయమైనట్టు, "మా తాతగారు కూడా ఇదే పని చేసేవారు. ఆయన పీపాలు చెట్ల మీద వుండేవి" అన్నాడు.

నా చెవులు వేడెక్కాయి.

మా నాన్న గోదావరి జిల్లాలో తాళ్ళు గీసేవాడు. పొద్దున దింపిన కల్లు తియ్యగా వుండేది. మధ్యాహ్నానికి నురుగు, సాయంత్రానికి పులుపు. ఆయన అందులో కలిపింది ఏమీ లేదు. గాలిలోదీ, చెట్టు మీదిదీ, పాత లొట్టి గోడల్లోదీ కలిసి పులిసేది. నేను ఇంటరులో చేరినప్పుడు హాస్టలు దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట 'వ్యవసాయం' అని రాశాను. మాకు సెంటు భూమి లేదు. ఆ కాగితం తరువాత ఎవరూ చూసి వుండరు. నేను మాత్రం ముప్పై ఏళ్ళకు దగ్గరగా చూస్తూనే వున్నాను. నా నోట ఆ వాసన రాకూడదనే ఇన్నాళ్ళూ ఏదీ ముట్టలేదు.

పోసే ఆయన గ్లాసు పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "ఏం వేసి పులియబెడతారు?" అని అడిగాడు.

"ఏమీ వెయ్యరు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఒక పగలు చాలు. మాది వేడి దేశం."

"మీరు చేశారా?"

"మా నాన్న చేసేవాడు. నేను లొట్లు మోసేవాణ్ణి" అన్నాను. ఈ మాట నేను మా కాలేజీలో ఎవరితోనూ అనలేదు.

ఆయన గౌరవంగా తల వంచి, అడగకుండానే గ్యూజ్ పోశాడు. మొదటి గుక్కకు కళ్ళు మూతపడ్డాయి, దవడలు లాగాయి. నిమ్మ తొక్క, పచ్చి మామిడి, వానకు తడిసిన గడ్డివాము. రెండో గుక్కలో మా ఇంటి పంచ వచ్చింది, బోర్లించిన లొట్లతో సహా. మూడోది నెమ్మదిగా తాగాను. చివర క్రీక్ ఇచ్చాడు, తీపి కలపనిది. చెర్రీ ఎరుపే గాని, తీపి కాదు. అది అన్నిటికంటె నచ్చింది.

మద్యం తాగమని నేనెవరికీ చెప్పను. గ్యూజులో నూటికి అయిదారు పాళ్ళ మద్యం వుంటుంది. అయినా ఏ దేశమైనా వెళ్ళి, రుచి చూడాలనుకున్నవారికి మాత్రం ఒక మాట. తీపి కలిపినది మొదట తీసుకుంటే పులుపు తెలియదు, షర్బతు తెలుస్తుంది. తీపి కలపని క్రీకుతో ఆరంభించండి. పండు చెయ్యి పట్టుకు నడిపిస్తుంది. తరువాత గ్యూజ్. చాలా సీసాల మీద, పాత అనే అర్థం వచ్చే 'ఔదె' అన్న మాట వుంటే అది సంప్రదాయ సరుకని గుర్తు. ఒక చిన్న గ్లాసు చాలు, పక్కన జున్నుముక్క వుంటే మంచిది. మొదటి గుక్కతో తీర్పు చెప్పకండి. మొదటి గుక్కలో మన ముఖమే మనకు తెలుస్తుంది. మూడో గుక్కకుగాని దాని రుచి తెలియదు.

ఆ రాత్రి ఇంటికి ఫోను చేశాను. నాన్నకు ఎనభై దాటాయి. చెవి కొంచెం మందం. జరిగినదంతా గట్టిగా చెప్పాను. దరఖాస్తు సంగతి కూడా చెబుదామనుకున్నాను. ఆయన నన్ను అక్కడిదాకా పోనివ్వలేదు.

"మూడేళ్ళా? చెడిపోదూ?" అన్నాడు.

"చలిదేశం, నాన్నా."

"పీపాలు కడుగుతారా?"

"కడుగుతారు."

"కడిగితే పులుపు పోదూ?"

"చెక్క లోపల దాక్కుని వుంటుందట."

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఆఁ, మన లొట్టిలాగే" అన్నాడు తృప్తిగా. "వాళ్ళకు పని వచ్చురా."

దరఖాస్తు సంగతి ఊరు వెళ్ళాక, ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆయన నవ్వి, "చెట్టెక్కటమూ వ్యవసాయమేలే" అన్నాడు.