రహమత్ నగర్‌లో నిశ్శబ్దమైన బల్ల

హైదరాబాదు చూడవచ్చిన మన పల్లెటూరి కుటుంబములకు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అనగానే సినిమావారి మేడలు గుర్తుకు వస్తాయి. ఆ కొండకు వెనుకవైపు, యూసఫ్‌గూడకు బోరబండకు నడుమనున్న రహమత్ నగర్ పేరు విన్నవారు తక్కువ. ఆ మేడలలో వంట చేసేవారు, కార్లు నడిపేవారు, షూటింగులలో లైట్లు మోసేవారు కాపురముండేది ఇటువంటి బస్తీలలోనే. ఎత్తుపల్లాల సందులు, గోడకు గోడ ఆనుకొన్న ఇండ్లు, ప్రక్కనే కార్మికనగర్, కాస్త దిగువకు కృష్ణానగర్. తెల్లవారకముందే జూనియర్ ఆర్టిస్టులు కృష్ణానగర్‌లో గుమిగూడి బండ్లెక్కి షూటింగులకు వెళ్తారు. రాత్రి చాలా పొద్దుపోయినదాక ఆటోల మోతలు, బండ్లమీద దోసె పెనముల చప్పుడు. మసీదు, గుడి, మన మందిరము - ఈ మూడింటి మైకులకూ ఆ సందులలో కొరత లేదు. (మన మైకు సంగతి కూడా ఒప్పుకొనవలెను గదా.)

గత వేసవి సెలవులలో రహమత్ నగర్‌లోని మా బావమరది ఇంట పది దినములు గడిపాము. మాతో మా మామగారు కూడా వచ్చారు. ఆయనకు 76 ఏండ్లు. మిషను పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసి విరమించినవారు. మా సంఘములో ముప్పది ఏండ్లు కీర్తనలకు రాగమెత్తి ఇచ్చినవారు. ఆరేడు సంవత్సరములుగా ఆయనకు వినికిడి తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు పెండ్లి విందులకు రారు. క్రిస్మసు ప్రేమవిందులో ఆకు ముందు కూర్చొని, తిని, ఎవరితోను మాట్లాడక లేచిపోతారు. "పెద్దాయనకు గర్వము" అన్నవారు కూడా ఉన్నారు.

చెవిటివాని ముందు శంఖమూదినట్లు అని మనకొక సామెత ఉన్నది. ఆ సామెత కట్టినవారు చెవి సరిగా వినబడనివారితో కలిసి భోజనము చేసినవారు కారని మా అభిప్రాయము. మామగారికి శంఖము చక్కగా వినబడుతుంది. లారీ హారను వినబడి ఉలిక్కిపడతారు. వినబడనిది మాట. వయస్సుతో వచ్చే వినికిడి లోపములో మొదట పోయేవి సన్నని ధ్వనులు. అచ్చులు మిగులుతాయి, హల్లులు కరిగిపోతాయి. పాలు, కాలు, తాలు, సాలు - నాలుగూ ఒక్కటిగానే చెవిని పడతాయి. తక్కినది సందర్భమును బట్టి ఊహించుకోవలసినదే. ఊహ కుదిరినంతసేపు ఎదుటివారికి ఏమీ తెలియదు. కుదరనప్పుడు తల ఊపి చిరునవ్వు నవ్వుతారు. మన ఇండ్లలో పెద్దవారి ఈ తల ఊపుటను మనము సమ్మతి అనుకొంటాము.

మేము వెళ్లిన శనివారము రాత్రి బావమరది అందరినీ బిర్యానీకి తీసుకొనిపోయాడు. పేరుగల హోటలు, పెద్దరోడ్డు మీద ఉన్నది. వంటకము రుచికి వంక లేదు. అయితే నేల గ్రానైటు, గోడలు టైల్సు, ముందువైపంతా అద్దము. గుమ్మము దగ్గర జ్యూసు మిక్సీ, గోడమీద టీవీలో క్రికెట్టు, ఎక్కడో స్టీలు గ్లాసులు పడవేస్తున్న చప్పుడు. మామగారు బల్ల మధ్యలో, వీపు వెనుక జనముతో కూర్చున్నారు. భోజనము చివర బావమరది ఆయన వైపు వంగి ఏదో అడిగాడు. ఆయన తల ఊపారు. ఆ ఊపుటకు ఎంత బరువున్నదో ఆ రాత్రి మాలో ఎవరికీ తెలియలేదు.

ఇటువంటిచోట ఏమి జరుగుతుందో కాస్త వివరముగా చెప్పవలెను. బల్ల దగ్గర మామూలుగా మాట్లాడుకొనే మాట 60 డెసిబెల్స్ ఉంటుంది. కిక్కిరిసిన హోటలులో రొద 75, 80 కూడా దాటుతుంది. ఈ కొలతలో పది పెరిగితే ధ్వనిశక్తి పదిరెట్లు అయినట్లు. రొద పెరిగినకొలది మనకు తెలియకుండానే గొంతు పెంచుతాము. దీనిని గూర్చి 1911లో ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు వ్రాసి ప్రకటించాడు. ఒక బల్లవారు గొంతు పెంచితే ప్రక్క బల్లవారు ఇంకా పెంచుతారు. రాయి, అద్దము ఆ చప్పుడును త్రాగవు, తిప్పి కొడతాయి. గుడ్డ, పరుపు, చెక్క, తెరలు త్రాగుతాయి. మన తాటాకు పందిరిలో పెండ్లి విందు ఎంత సందడిగా ఉన్నా చెవులు గింగురుమనవు. సిమెంటు కల్యాణమండపములో అవే మాటలు చెవులను పోటు పొడుస్తాయి.

విచిత్రమేమనగా, ఈ విద్య బాగుగా తెలిసినవారు ఆ కొండమీదనే ఉన్నారు. 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు సినిమా మాట్లాడనారంభించినది మొదలు, మాటను రొదనుండి వేరుచేయుటే వారి పని. ఫిల్మ్‌నగర్ చుట్టుప్రక్కల డబ్బింగు గదులలో గోడలకు మెత్తలు, నేలకు తివాచీలు, తలుపులకు రెండేసి పొరలు ఉంటాయి. వాటికి మైలు దూరములో మనుష్యులు భోజనము చేసే గదులు మాత్రము బావిలాగా మ్రోగుతాయి.

మా శ్రీమతి పట్టుబట్టింది. "నాన్నతో ఒక్క పూటయినా మాట్లాడుతూ అన్నము తినాలి" అన్నది. ఆదివారము ఆరాధన అయిన తరువాత మేమిద్దరము ఆటోలోను, కాలినడకన ఆ చుట్టుప్రక్కలంతా తిరిగాము. మెనూ అడిగేముందు రెండు నిమిషములు గుమ్మములో నిలువబడి విన్నాము. ఇప్పుడు సెల్‌ఫోనులలో చప్పుడు కొలిచే యాప్‌లు వచ్చినవి. అమెరికాలో సౌండ్‌ప్రింట్ అనే యాప్ 2018నుండి ఉన్నది. ఏ హోటలు ఎంత రొదగా ఉన్నదో జనమే కొలిచి అందులో నమోదు చేస్తారు. మాకు మా చెవులే చాలినవి. మా శ్రీమతి బల్లకు అవతలివైపు కూర్చొని మెల్లగా ఒక వచనము చెప్పేది. మాకు ప్రతి మాట స్పష్టముగా వినబడితే మంచిచోటు, వంగి వినవలసి వస్తే కాదు.

జూబ్లీహిల్స్ రోడ్లమీద ఖరీదైన భోజనశాలలలో తివాచీలున్నవి, తెరలున్నవి. అయినా అక్కడ రెండు చిక్కులు. ఒకటి, ఆగని సంగీతము. రెండవది, చీకటి. వినికిడి తగ్గినవారు సగము మాటను పెదవులమీదనే చదువుతారు. కొవ్వొత్తి వెలుతురులో పెదవులు కనబడవు. (పాస్టరు జేబుకు ఆ బిల్లు మూడవ చిక్కు.) పాత ఇరానీ హోటళ్లలో చాయ్ మంచిదే గాని పాలరాతి బల్లలమీద కప్పులు టకటకలాడుతాయి. ఆశ్చర్యముగా మండీ హోటళ్లు మాకు నచ్చినవి. అరబ్బుల పద్ధతిలో నేలమీద పరుపులు, వీపుకు దిండ్లు, చుట్టూ తెరలు. అందరూ ఒకే పళ్లెము చుట్టూ ముఖాముఖిగా, చెయ్యి చాపితే తగిలేటంత దగ్గరగా కూర్చుంటారు. వినికిడికి ఇంతకన్న మంచి ఏర్పాటు ఉండదు. మామగారి మోకాళ్లు ఒప్పుకోవు గనుక విడిచిపెట్టాము గాని, మోకాళ్లు బాగున్నవారు తప్పక చూడవలెను.

చివరకు దొరికినది రహమత్ నగర్ సందులోనే, బావమరది ఇంటికి అయిదు నిమిషముల నడక. ఒక చిన్న మెస్సు, ఆరు బల్లలు. భార్యాభర్తలు నడుపుతారు. ఉదయము ఎనిమిదింటికి, మధ్యాహ్నము ఒంటిగంటకు చూస్తే అది కూడా సంతే. మధ్యాహ్నము మూడు దాటాక చూస్తే ప్రక్క గదిలో గోడ గడియారము టిక్‌టిక్ వినబడుతున్నది. అప్పుడు మాకు తెలిసినది, నిశ్శబ్దమైన హోటలును వెదకుటకన్న హోటలులో నిశ్శబ్దమైన గంటను వెదకుట మేలు. ఆమెతో సంగతి చెప్పగా, "మా అమ్మక్కూడా ఇంతేనయ్యా, రేపు మూడున్నరకు రండి, ఫ్యాను గాలి చాలు, ఎగ్జాస్టు, టీవీ బంద్ చేస్తా" అన్నది. సిగ్గుపడక అడిగితే చాలామంది చేస్తారు. ముంబయి పొవాయిలో 2015లో ఆరంభమైన 'మిర్చీ అండ్ మైమ్' అనే భోజనశాలలో వడ్డించేవారే వినికిడి లేనివారు. తినవచ్చినవారే సైగలు నేర్చుకొని అడుగుతారు. రహమత్ నగర్ మెస్సువారు ఆ పేరు విన్నారో లేదో.

మార్కు సువార్త 7వ అధ్యాయములో ప్రభువు దెకపొలిలో చెవిటివానిని బాగుచేసిన సంగతి మనము ఎన్నోసార్లు బోధించాము. ఆయన మొదట చేసినది ఆ మనుష్యుని జనసమూహములోనుండి ప్రక్కకు తీసుకొనిపోవుట. తరువాత మాట పలుకక మునుపే అతని చెవులను, నాలుకను ముట్టి, ఆకాశమువైపు చూచి, అతడు కన్నులతో చూడగలిగినట్లు చేశాడు. ఈ రెంటికి స్వస్థతావరము అవసరము లేదు. మనలో ఎవరైనా చేయవచ్చును. రెండవ సమూయేలు 19వ అధ్యాయములో గిలాదువాడైన బర్జిల్లయి అనే ముసలివాడున్నాడు. దావీదు రాజు తన బల్లయొద్ద పోషిస్తాను రమ్మంటే, ఎనుబది ఏండ్లవాడను, భోజనపు రుచి తెలియదు, పాటకుల స్వరము వినబడదు, నీకు భారమెందుకు అని వెనుకకు తగ్గాడు. రాగమెత్తిన మా మామగారు ప్రేమవిందునుండి లేచిపోవునప్పుడెల్ల మాకు ఆ బర్జిల్లయి జ్ఞాపకము వస్తాడు.

సోమవారము మూడున్నరకు అందరము వెళ్లాము. మామగారిని మూలన, వీపు గోడకు ఆనునట్లు కూర్చుండబెట్టాము. ఆయనకు కుడిచెవి మేలు. అందుకే కొడుకును కుడివైపున, కిటికీ వెలుతురు కొడుకు ముఖము మీద పడునట్లు కూర్చుండబెట్టాము. వెలుతురు మాట్లాడేవారి వీపు వెనుక ఉంటే ముఖము నీడలో పడుతుంది. ఒక్కొక్కరే మాట్లాడాలి, నమలుతూ మాట్లాడరాదు, అరవరాదు అని మా శ్రీమతి ఆజ్ఞ. పదేండ్ల మనుమరాలు ఆర్డరు చీటీల వెనుక పేర్లు, అంకెలు వ్రాసి తాతయ్యకు అందించేది. జెకర్యా పలక అడిగి తీసుకొన్నట్లు ఆయన కూడా పెన్సిలు అడిగి తీసుకొన్నారు. లైవ్ ట్రాన్‌స్క్రైబ్ అని మాటను అక్షరములుగా చూపే ఏర్పాటు 2019నుండి ఆండ్రాయిడ్ ఫోనులలో ఉన్నది, తెలుగు కూడా వ్రాస్తుంది. బిర్యానీ హోటలులో అది కూడా తికమకపడింది. ఇక్కడ బాగానే పనిచేసినది.

పెసరట్టు సగములో ఉండగా బావమరది, "నాన్నా, రేపు ఇంటికి బయానా తీసుకొంటున్నాను" అన్నాడు.

"ఏ ఇంటికి?"

"మన ఊళ్లో ఇంటికే నాన్నా. శనివారము రాత్రి అమ్మేద్దామా అని అడిగితే తల ఊపావు గదా."

మామగారు చాలాసేపు కొడుకు ముఖమును చూస్తూ ఉండిపోయారు. "అప్పుడే బిల్లు తెచ్చిపెట్టాడు గదరా. ఇక వెళ్దామా అంటున్నావనుకొన్నాను."

ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దము కోసము మేము వెదకలేదు.

తరువాత ఆయనే అన్నారు. "మీ అమ్మను ఆ ఊరి సమాధులలోనే పెట్టాము. నేనున్నన్నాళ్లు ఆ ఇల్లు ఉండనీ." బావమరదికి కన్నీరు వచ్చినది. తన బాధ కూడా చెప్పుకొన్నాడు: ఫోను చేస్తే వినబడదు, తలుపు కొడితే వినబడదు, ఒక్కడివే అక్కడ పడిపోతే ఎవరికి తెలుస్తుంది? అది కూడా న్యాయమైన మాటే. ఒక గంటకు పైగా మాట్లాడుకొన్నారు. తండ్రీకొడుకులు అంతసేపు మాట్లాడుకొనుట మా పెండ్లి అయిన తరువాత మేము చూడలేదు. మెస్సు అమ్మ అడగకుండానే రెండుసార్లు టీ పెట్టినది. ఇల్లు అమ్మరాదని, మామగారు చెవులు పరీక్ష చేయించుకొనవలెనని ఒప్పందమైనది. అంతకు మునుపు ఎన్నిసార్లు చెప్పినా "ముసలిచెవులకు మిషనెందుకు" అనేవారు.

మన పాఠకులకు ఉపయోగపడునని ఆ వివరము కూడా వ్రాస్తున్నాము. ముందు మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించవలెను. కొందరికి గుబిలి తీస్తేనే సగము బాగవుతుంది. హైదరాబాదులో కోఠిలో ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఉన్నది. ముంబయిలో 1983లో నెలకొల్పిన అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి సంస్థకు సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో ప్రాంతీయ కేంద్రమున్నది. అలీ యావర్ జంగ్ మన హైదరాబాదు వాడే, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా చేసినవాడు. తక్కువ ఆదాయముగలవారికి కేంద్రప్రభుత్వపు ఎడిప్ పథకము క్రింద చెవి మిషన్లు ఇస్తారు, ఆదాయపత్రము తీసుకొనిపోవలెను. 2016 వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము రెండు చెవులలోను 60నుండి 70 డెసిబెల్స్ లోపమున్నవారిని వినికిడి తగ్గినవారిగా, 70 దాటినవారిని బధిరులుగా లెక్కిస్తారు. మిషను పెట్టుకొన్నా రొద హోటలు రొదగానే ఉంటుందని కూడా తెలిసియుండవలెను. మిషను మాటతోపాటు మిక్సీని కూడా పెద్దది చేస్తుంది. ఒకటి రెండు గజముల లోపల మాట్లాడితేనే దానికి బలము.

బుధవారము మామగారిని మెట్రోలో తీసుకొనిపోయాము. యూసఫ్‌గూడ స్టేషను మీదుగా ఆ లైను 2019 మార్చిలో మొదలైనది. పెట్టెలో తెరమీద స్టేషన్ల పేర్లు వస్తుంటే ఆయన ఒక్కొక్కటి బడిపిల్లవానివలె పైకి చదివారు. పరీక్షకు మెత్తల గోడల చిన్నగదిలో కూర్చుండబెట్టి, శబ్దము వినబడినప్పుడెల్ల చెయ్యెత్తమన్నారు. అద్దములోనుండి చూస్తున్నాము, పాఠశాలలో హాజరు పలికినట్లు చెయ్యెత్తుతున్నారు, మధ్యలో చాలాసేపు ఎత్తలేదు. కాగితముమీద గీసి చూపారు. కుడిచెవికి మిషను పనిచేస్తుందని, చెవి అచ్చు తీసికొని, మరల రావలసిన తేదీ వ్రాసి ఇచ్చారు.

తిరిగివచ్చి యూసఫ్‌గూడలో మెట్లు దిగుతుండగా మామగారు ఆగి మా చేతి గడియారము వైపు చూపి అడిగారు: "అల్లుడుగారూ, మూడున్నర అయిందా?"