భార్యల యిల్లు

ఇటలీదేశ మనగానే మన సోదరీమణులకు రోమునగరమును, వెనీసు కాలువలును జ్ఞప్తికి వచ్చును. మేము ఆ మహానగరములను విడిచి, కమోలీ యను నొక చిన్న తీరగ్రామమును జూడ నాగస్టుమాసమున వెళ్లితిమి. అది లిగూరియా ప్రాంతమున, జెనోవా నగరమునకు తూర్పుగా 20 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. రైలు దిగి మెట్లదారిని క్రిందికి రాగానే ఒక వంక కొండ, ఒక వంక సముద్రము, నడుమ నెత్తయిన యిండ్ల బారు కనబడెను.

ఆ యిండ్లకు పసుపు, గులాబి, కావి రంగులు పూసియున్నారు. కిటికీలలో కొన్ని నిజమైనవి, కొన్ని గోడమీద చిత్రించినవి. ఒక కిటికీనుండి యెవరైన తొంగిచూతురేమో యని చాలసేపు చూచి, అది వట్టి రంగని తెలిసి నవ్వుకొంటిమి. దూరదేశములనుండి వచ్చు నావికులు తమతమ యిండ్లను సముద్రముమీదినుండియే గుర్తుపట్టుటకై యీ రంగులు వేసిరని చెప్పుకొందురు. ఇచ్చటి జాలరులు కొబ్బరిపీచు త్రాళ్లతో అల్లిన పెద్ద వలతో చేపలు పట్టుదురు. ఆ వలను ఏటేట చేతితో క్రొత్తగా నల్లుదురట.

కమోలీ యను పేరునకు 'భార్యల యిల్లు' అని యర్థము చెప్పు వాడుక కలదు. పండితు లితరార్థములను గూడ చెప్పుదురు గాని, 19వ శతాబ్దమున ఈ గ్రామమున కా పేరు చక్కగా తగియుండెను. ఇచ్చటి తెరచాప నావలు లెక్కకు మిక్కిలిగా నుండుటచే దీనికి 'వేయి తెల్ల తెరచాపల పట్టణము' అను బిరుదు వచ్చినది. పురుషులు నెలలతరబడి సముద్రముమీద నుండగా, ఇల్లు, పిల్లలు, ఇచ్చిపుచ్చుకొనుటలు అన్నియు స్త్రీల చేతులమీదనే నడచెడివి. 1853లో నావల యజమానులు నష్టమును పంచుకొనుటకై పరస్పర బీమాసంఘము నేర్పఱచుకొనిరి. నావ పోయిన సంఘము ధన మిచ్చును. మనిషి పోయిన నేమి యీయగలదు? బోస్కెత్తో మాత గుడిలో, తుపానునుండి బ్రదికి వచ్చిన నావికులు మ్రొక్కుబడిగా నిచ్చిన నావల చిత్రపటములను జూచినప్పుడు మాకీ ప్రశ్నయే తోచెను. రానివారికి పటములు లేవు గదా!

ఈ యూర రెండు పండుగలు ముఖ్యములు. మొదటిది మే నెల రెండవ యాదివారమున జరుగు చేపల పండుగ. ఇది 1952లో మొదలయ్యెను. జాలరులు తమ రక్షకుడని కొలుచు సాన్ ఫోర్తునాతో పేర, ముందటిరాత్రి రెండు పేటలవారు పోటీపడి సముద్రపుటొడ్డున కట్టెలు పేర్చి పెద్ద మంటలు వేయుదురు. మఱునాడు సుమారు 4 మీటర్ల వెడల్పుగల పెనములో చేపలు వేయించి వచ్చినవారికెల్ల పంచుదురు. ఆ పండుగకు మేము లేము.

రెండవది మేము చూచినది. ఆగస్టు మొదటి యాదివారమున 'సముద్రతార' యను పేర మేరీమాతకు జరుగు ఉత్సవము. పగలు అలంకరించిన పడవలు బారులుగా పుంతా కియాప్పా యను కొనకు పోయి, అచ్చటి వేదికకడ ప్రార్థన జరిపించుకొని వచ్చును. చీకటిపడగానే అటు కొననుండియు, ఇటు ఒడ్డునుండియు వేలకొలది చిన్న దీపములను నీటిపై విడుతురు. రెండువైపుల దీపములును కలిసికొనినచో ప్రేమించుకొన్నవారికి ఆ యేడే పెండ్లియగునని నమ్మకము. పడుచువారందఱు దానికొఱకే కన్నులార్పక చూచుచుండిరి.

మా ప్రక్కనున్న వృద్ధురాలు మాత్రము అటు చూడలేదు. దీపము చేతబట్టి నిలిచియుండెను. మీవారెవరైన సముద్రముమీద నున్నారా యని యామె తన మనుమరాలిచేత మమ్మడిగించెను. మా తమ్ముడు ఓడ యుద్యోగములో నున్నాడని చెప్పితిమి. ఆమె మఱుమాటాడక తన దీపమును మా చేతిలో పెట్టెను. మేము వంగి దానిని నీట విడిచితిమి. కొంతసేపటికి అన్ని దీపములలో మాది యేదియో మాకే తెలియలేదు.

ఇంటికి వచ్చి యీ సంగతి మా యమ్మకు చెప్పితిమి. తమ్ముడు ఉద్యోగమునకు పోయిననాటినుండి ఆమె కార్తికమాసమున గోదావరిలో రెండు దీపములు విడుచును. "ఆ దేశమున గూడ నట్లే చేయుదురా?" యని యడిగెను. చేయుదురంటిమి. ఆమె కొంచెముసేపు ఊరకుండి, "ఆ ముసలమ్మ కెవరున్నారో అడిగితివా?" యనెను. అడుగలేదు. అది యడుగకపోతిమే యని నేటికిని మాకు బాధగనే యున్నది.